సంతకం ఉంటే సరిపోదు, ఎవరిదో చూడాలి

పాతబస్తీలో ఉద్యోగ దరఖాస్తులు నింపడానికి చాలామందికి నెట్ సెంటరో, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపో దిక్కు. రెజ్యూమె కోసం ఏదో ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేసుకుంటే, దాని వెంట యాడ్‌వేర్ కూడా దిగొచ్చు. ఆ ప్రకటనల్లో నకిలీ ఉద్యోగాల లింకులూ ఉంటాయి.

అనుమానం వస్తే విండోస్‌లో ఆ ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ ట్యాబ్ తెరవండి. డీటెయిల్స్ నొక్కితే సంతకం ఎవరిదో, చెల్లుతుందో లేదో తెలుస్తుంది. ట్యాబ్ లేదని వెంటనే డిలీట్ కొట్టొద్దు. విండోస్ సొంత ఫైళ్లలోనూ కొన్నింటికి అది కనిపించదు.

అలాగని సంతకం ఉంటే మంచిదే అనుకోవడమూ పొరపాటే. యాడ్‌వేర్ కంపెనీలూ సర్టిఫికెట్లు కొంటాయి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్‌కైతే రియల్‌టెక్ నుంచి దొంగిలించిన సర్టిఫికెట్‌తో సంతకం పెట్టారు. సంతకం చెప్పేది రెండే: ఫైల్ ఎవరి పేరుతో వచ్చింది, ఆ తర్వాత మారిందా లేదా. క్రోమ్ అని చెప్పుకునే ఫైల్‌కు గూగుల్ కాకుండా ఇంకెవరి పేరో ఉంటే, దొంగ దొరికినట్టే.

సపోర్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘సిస్టమ్ నిండా ప్రకటనలొస్తే ఏం చేస్తావ్?’ అంటే ‘ఫార్మాట్ కొడతా సార్’ అని ఎవరైనా అంటారు. ‘ముందు సంతకం ఎవరిదో చూస్తా’ అనండి. పని తెలిసినవాడి జవాబు అది.