పెరటి శాస్త్రం: టెంక నాటితే ఆ చెట్టే వస్తుందా?

హోసూరు నుండి ఒక పాఠక సోదరి యిలా అడిగారు: "ఇల్లు పెంచుతున్నాము. పెరటి మామిడిని కొట్టివేయక తప్పడం లేదు. దాని టెంకలు నాలుగు దాచుకున్నాను. చాలునా?"

చాలవమ్మా. ఆ సంగతి నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

మా పెరట్లోనూ అవ్వ కాలపు విత్తుచెట్టు ఒకటి వుండేది. కాయ చిన్నది, పీచు కొంచెం ఎక్కువే. అయినా ఆ తీపి, ఆ వాసన మరే పండులోనూ నేను ఎరుగను. అన్నదమ్ముల పంపకాల్లో చెట్టున్న జాగా ఇంటికి పోయింది. కొట్టేముందు మూడు టెంకలు నాటి, చెట్టు దక్కిందిలే అని ధైర్యంగా వున్నాము. తొమ్మిదో ఏట కాపు వచ్చింది. ఒకటి పులుపు, ఒకటి చప్పన. మూడోది తియ్యనిదే గాని ఆ వాసన లేదు. సంతూరు వైపు అంటుమొక్కలు పెంచే పెద్దాయనతో చెప్పుకుంటే, "టెంకను నమ్మేదానికి లేదు స్వామీ. కొమ్మ తెచ్చివుంటే అంటు కట్టి యిచ్చేవాణ్ణి" అన్నాడు. అప్పటికి కొమ్మ ఎక్కడిది?

ఆయన మాటలోని శాస్త్రం చూద్దాం. మామిడి కణంలో 40 క్రోమోజోములు, అంటే 20 జతలు వుంటాయి. జతలో ఒకటి తల్లిచెట్టుది, ఒకటి తండ్రిచెట్టుది. రుచి, రంగు, వాసన, పీచు మొదలైన గుణాలను నిర్ణయించే జన్యువులు వీటి మీదనే వరుసగా వుంటాయి. పుప్పొడిలోకి గాని, పూవులోని అండంలోకి గాని పోవలసింది సగమే, 20 మాత్రమే. ఇలా సగం చేసే పనిని క్షయకరణ విభజన అంటారు.

సగం కాకముందు ఒక వింత జరుగుతుంది. మల్లెమాల ఒకటి, కనకాంబరాల మాల ఒకటి, సమానమైన పొడవువి, ప్రక్కప్రక్కన పరచండి. రెండింటినీ ఒకే చోట కత్తిరించి, ఈ కొసను దానికి, ఆ కొసను దీనికి ముడివేయండి. ఏ మాలా పొట్టిది కాలేదు. కాని రెండూ మునుపటి మాలలు కావు. జత క్రోమోజోములు కూడా అలాగే ఆనుకొని, ఒకే తావున తెగి, ముక్కలు మార్చుకొని అతుక్కుంటాయి. దీనికి వినిమయం అని పేరు. 1931లో అమెరికాలో హారియెట్ క్రైటన్, బార్బరా మక్లింటాక్ అనే యిద్దరు స్త్రీలు మొక్కజొన్నలో దీనిని సూక్ష్మదర్శినితో రుజువు చేశారు. ఈ ముడికి మరో ప్రయోజనమూ వుంది. విడిపోయే వేళ వరకు జతను పట్టివుంచి, పంపకం తప్పిపోకుండా చూసేది యిదే.

వినిమయం లేదనుకున్నా, 20 జతల నుండి ఒక్కొక్కటి ఏరితే 10,48,576 రకాల కూర్పులు వస్తాయి. ముక్కల మార్పిడి కూడా కలిస్తే యిక లెక్కకు అందదు. దానికి తోడు పుప్పొడిని ఈగలు ఏ తోట నుండి తెచ్చాయో! మా మూడు టెంకలు మూడు దారులు పట్టడంలో వింతేమున్నది?

మన నీలం మామిడినే చూడండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు నీలంకు ఉత్తరాది దశేరి పుప్పొడి చేర్చి మల్లిక అనే రకాన్ని తీశారు. దశేరికి నీలం పుప్పొడి చేర్చగా వచ్చింది ఆమ్రపాలి. ఒకే దంపతుల బిడ్డలన్నమాట. అయినా మల్లికది పెద్ద కాయ, ఆమ్రపాలిది పొట్టి చెట్టు, చిన్న కాయ.

అంటులో ఈ కలగలుపు లేదు. కొమ్మలోని కణాలు ఉన్నవి ఉన్నట్లు రెట్టింపై పెరుగుతాయి గనుక కాయ తల్లిచెట్టు కాయే. కృష్ణగిరి తోటల్లో బెంగళూరా ప్రతి చెట్టునా ఒకే తీరున కాయడం అందువల్లనే. కేరళలోని ఒలూరు వంటి కొన్ని రకాల టెంకల్లో తల్లి పోలిక తప్పని మొలకలు కూడా వస్తాయి గాని, మన వైపు చెట్లలో ఆ ఆశ పెట్టుకోరాదు.

కనుక సోదరీ, గొడ్డలి పడేలోపుగా, వానల కాలంలో, పెన్సిలంత లావున్న ముదురు కొనకొమ్మలు కొన్ని ఎంచుకోండి. వారం పదిరోజులు ముందుగా వాటి ఆకులు, కాడలు మాత్రం వుంచి, కత్తిరించండి. తరువాత కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, ఆలస్యం చేయక అంటు కట్టేవారికి అందించండి. ఒకటి ఎండితే ఒకటైనా బ్రతుకుతుంది. ఇల్లు పని నెల ఆగినా నష్టం లేదు.

టెంకలను మాత్రం పారవేయకండి. పేరున్న మన మామిడి రకాలు చాలావరకు ఎక్కడో మొలిచిన విత్తుచెట్లే. మీ చెట్టూ ఒకనాడు టెంకే గదా! జాగా వుంటే ఒకటి నాటండి, ఏమి కాస్తుందో పిల్లలు చూస్తారు. కాని ఆ పాత రుచి కావాలంటే కొమ్మను అడగండి.