ఇంజను లేనివానికి త్రోవ

సంగారెడ్డినుండి నాందేడు పోవు రాజమార్గము మా పిట్లముమీదుగా పోవుచున్నది. ఆ మార్గమునకు వ్రాసిన నియమములు వేరు, జరుగు ఆచారము వేరు. లారీ వచ్చినచో మోటారుసైకిలు ప్రక్కకు జరుగును. మోటారుసైకిలు వచ్చినచో సైకిలు జరుగును. కాలినడకవాడు మట్టిలోనికి దిగును. బలము గలవానిదే త్రోవయని బాల్యమునుండి కన్నులార చూచినవారము గనుక, వాయుయాన నియమావళిని మొదటిసారి చదివినప్పుడు మేము మిగుల ఆశ్చర్యపడితిమి. రెండు విమానములు ఇంచుమించు ఒకే యెత్తున, దారులు కలియునట్లు వచ్చుచున్నప్పుడు, ఇంజను గలది ఇంజను లేని గ్లైడరునకు త్రోవ నియ్యవలెనట. గ్లైడరు తన వంతున బెలూనునకు త్రోవ నియ్యవలెను. ఎవడు తక్కువగా తప్పుకొనగలడో వానికే త్రోవ!

ఈ పుస్తకము మా చేతికి వచ్చుటకు కారణము మా పూర్వవిద్యార్థి యొకడు. పదవతరగతి ముగించి, పదునారేండ్లు నిండినవాడు. గ్లైడరు నడుపుట నేర్వదలచి విద్యార్థి అనుమతిపత్రమునకై చదువుచున్నాడు. దానికి వాయు నియమములలోను, మార్గనిర్ణయములోను, వాతావరణశాస్త్రములోను, విమాన నిర్మాణములోను మౌఖిక పరీక్ష గలదు. సాయంకాలములందు మాయొద్దకు వచ్చి నియమములు అప్పగించుచుండెను. ఒక్క అక్షరము తప్పిపోవుటలేదు. అయితే గ్లైడరునకు త్రోవ యేల ఇయ్యవలెనని మేమడుగగా, “అది పరీక్షలో అడుగరు సారూ” అనెను.

ఈ మాటయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. వాయు నియమములను బట్టీపట్టి పరీక్ష గట్టెక్కువాడు నియమములు తెలిసినవాడు కాడని మా అభిప్రాయము.

బట్టీ అవసరమే యని వాదించువారు గలరు. ఎక్కము రానివానికి లెక్క రాదు గదా యందురు. అంతవరకు మేమును ఒప్పుకొందుము. అంకెలు నోటికి రావలసినవే. పదివేల అడుగులకు లోపల కంటిచూపుతో ఎగురువానికి 5 కిలోమీటర్ల దూరము కనబడుచుండవలెను. సాధారణముగా మేఘమునకు అడ్డముగా 1500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు ఎడముగా నుండవలెను. మా విద్యార్థి వీనిని తడుముకొనక చెప్పును. మేము పలక తెప్పించి లెక్క వేయించితిమి. గ్లైడరు గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఎదురుగా ఒక విమానము 450 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొనుము. రెండును ఒకదానినొకటి సెకనుకు 150 మీటర్ల చొప్పున సమీపించును. 5 కిలోమీటర్లకు 33 సెకనులు. ఆ విమానము మేఘములోనుండి హఠాత్తుగా వెలువడినచో 1500 మీటర్లకు 10 సెకనులు మాత్రమే. పది సెకనులలో చూడవలెను, పోల్చుకొనవలెను, తిరుగవలెను. బాలుడు పలకవంక చాలసేపు చూచెను. ఆ దినమునుండి అతడు 1500 అను అంకెను మరవడని మా నమ్మకము. కంఠస్థము చేసినందున గాదు.

మధ్యాహ్నవేళ నిజాంసాగరు కాలువక్రింది పొలములమీద గ్రద్దలు రెక్క ఆడింపక చక్రము తిరుగుచు పైకి పోవుట మన పిల్లలందరు చూచినదే. వేడెక్కిన నేలనుండి లేచు గాలిని పట్టుకొని అవి ఎక్కును. గ్లైడరు చేయునదియు నదియే. గ్రద్దకు రెక్కలు ఆడించు శక్తి యున్నది. గ్లైడరునకు అదియు లేదు. పైకి లేచు గాలి దొరకనిచో దిగుటయే గాని నిలుచుట లేదు. దిగునప్పుడు స్థలము తప్పినచో మరల లేచి ఇంకొక చుట్టు వచ్చు వీలు లేదు. దానికి త్రోవ నిచ్చుట దయ గాదు, లెక్క.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తుము. రేడియో లేనప్పుడు విమానాశ్రయమునుండి దీపములతో సంజ్ఞ చేయుదురు. గాలిలో నున్నవానికి నిలుకడయైన ఆకుపచ్చదీపము చూపినచో దిగవచ్చును. నిలుకడయైన ఎఱ్ఱదీపము చూపినచో ఇతరులకు త్రోవ నిచ్చి చుట్టు తిరుగుచుండవలెను. మా విద్యార్థి దీనిని ఆంగ్లమున అక్షరము తప్పక చెప్పెను. “నీవు 150 మీటర్ల ఎత్తున గ్లైడరులో నున్నావు, ఎఱ్ఱదీపము కనబడినది, ఏమి చేయుదువు?” అని యడిగితిమి. “చుట్టు తిరుగుదును” అనెను. శిక్షణ గ్లైడరు సెకనుకు ఇంచుమించు ఒక మీటరు చొప్పున దిగునదైనచో, రెండున్నర నిమిషములలో నేల వచ్చును. తిరుగుచు తిరుగుచు ఎచ్చట దిగును? చెట్లమీదనా, ఇండ్లమీదనా?

భద్రతకొరకు నియమమును దాటుట తప్పనిసరియైనచో విమానము నడుపువాడు దాటవచ్చునని అంతర్జాతీయ నియమావళియే చెప్పుచున్నది. త్రోవ తనదైనను ఢీకొనకుండ చూచుకొను బాధ్యత తనను వదలదనియు చెప్పుచున్నది. నియమము ఏల పుట్టినదో ఎరుగనివాడు ఎప్పుడు దాటవలెనో ఎట్లెరుగును? బట్టీ వచ్చినవాడు ఆ క్షణమున రెండు విధముల చెడును: దాటవలసినచోట దాటడు, దాటరానిచోట దాటును.

ఇందు తప్పు బాలునిది మాత్రమే గాదు. 1934వ సంవత్సరపు విమాన చట్టమునకు బదులుగా భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. చట్టము మారినను చదువు పద్ధతి మారలేదు. బాలుడు ఆంగ్లవాక్యమును మ్రింగుచున్నాడు, తెలుగున ఆలోచించుచున్నాడు. రెంటికి నడుమ వంతెన లేదు. పరీక్ష ఆంగ్లముననే యుండుగాక. బోధ తెలుగున జరుగుటకు అడ్డమేమి? మన దేశముననే రూపొంది 1961లో మొదట ఎగిరిన రోహిణి యను గ్లైడరులో గురుశిష్యులు ప్రక్కప్రక్కనే కూర్చుండెడివారు. నియమములు చెప్పునప్పుడును గురువు అంత దగ్గర కూర్చుండవలెనని మా కోరిక. మా పాఠశాలలోనే గణితము చెప్పువారు వేగము, దూరము, కాలము అను పాఠమునకు రైళ్లను విడిచి ఒకసారి గ్లైడరును తీసికొని చూడవలెను. రైళ్లు చాలకాలము నడచినవి.

వచ్చు వారము ఆ బాలునికి పరీక్ష. నిన్న సాయంకాలము మరల ఎఱ్ఱదీపము ప్రశ్న వేసితిమి. ఈసారి వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపు నేలవంక చూచి, “నేనెంత ఎత్తున నున్నాను సారూ? దగ్గర ఖాళీ పొలము ఎటున్నది?” అని మమ్మే అడిగెను.