పాడుబావిలో గాలి

పిల్లలూ! మొన్న సాయంత్రం మా మేడిపల్లిలో ఇద్దరు అబ్బాయిలు ఒక పాడుబావి ఒడ్డున నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. వాళ్ల బంతి అందులో పడింది. బావిలో నీళ్లు లేవు. అడుగున బురద, కుళ్లిన ఆకులు, వాటి మీద బంతి.

"సారూ, దిగి తెచ్చుకుంటం. నీళ్లే లేవు గద, భయమెందుకు?" అన్నాడు పెద్దవాడు.

నేను వాళ్లను దూరంగా తీసుకుపోయి కూచోబెట్టి ఒక సంగతి చెప్పాను. అదే మీకూ చెబుతాను.

నా చిన్నతనంలో మా ఇంటి ముందు ధాన్యం పాతర ఉండేది. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవాళ్లు. పాతర తెరిచిన రోజున నేను అందరికన్న ముందు దిగబోయాను. మా తాత రెక్క పట్టుకుని వెనక్కు లాగాడు. "ఆగు బిడ్డా! పాతర ఇంకా గాలి పీల్చలేదు" అన్నాడు. తరువాత తాడుకు కందీలు, అంటే లాంతరు కట్టి, వెలిగించి లోపలికి దించాడు. దీపం రెపరెపలాడి ఆరిపోయింది. ఆ రోజు ఎవరూ పాతరలోకి దిగలేదు.

దీపం ఎందుకు ఆరింది? మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు ఉంటాయి. ప్రాణవాయువును మీ పుస్తకాలలో ఆక్సిజన్ అంటారు. మా పుస్తకాలలో ఆమ్లజని అనేవారు. మంట మండాలన్నా, మనం బతకాలన్నా అదే కావాలి. జొన్నగింజ కూడా ప్రాణం ఉన్నదే. మూసిన పాతరలో లక్షల గింజలు నెలల తరబడి శ్వాసించి, అక్కడి ప్రాణవాయువును వాడుకుని, బొగ్గుపులుసు వాయువును వదిలాయి. ఇది గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుచేత గోతి అడుగున నిలిచిపోతుంది. ప్రాణవాయువు 16, 17 పాళ్లకు తగ్గేసరికి దీపం ఆరుతుంది. 10 పాళ్లకు దిగువకు పోతే, ఏం జరుగుతున్నదో గ్రహించే లోపే మనిషి స్పృహ తప్పవచ్చు.

1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మను ఉంచాడు. పది రోజుల తరువాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది! మొక్క గాలిని బాగుచేసింది. ఈ పని వెలుతురు ఉంటేనే జరుగుతుందని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపించాడు. మరి పాడుబావి అడుగున ఎండా లేదు, పచ్చని మొక్కా లేదు. కుళ్లే ఆకులూ, వాటిని తినే సూక్ష్మజీవులూ ఉన్నాయి. అవి ప్రాణవాయువును ఖర్చు చేస్తూనే ఉంటాయి.

"అయితే సారూ, కందీలు దించి చూస్తం. ఆరకపోతే దిగుతం" అన్నాడు చిన్నవాడు.

తెలివైన మాటే. కాని మా తాతకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. ప్రాణవాయువు తగ్గితే దీపం చెబుతుంది. విషం ఉంటే చెప్పదు. కుళ్లిన బురదను కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ రావచ్చు. దానికి కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది, కాని ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. బావిలోకి డీజిల్ ఇంజను దించి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణవాయువును మోయవలసిన హీమోగ్లోబిన్‌ను అది 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి కూలిపోతాడు, పక్కన దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పైగా, మండే వాయువు ఉన్న బావిలో ఆ దీపమే నిప్పు అంటించవచ్చు.

అందుచేత దీపం ఆరినా దిగకూడదు, వెలిగినా దిగకూడదు. లోపల ఎవరైనా పడిపోతే వాళ్ల వెంట అసలే దిగకూడదు. ఒకరిని కాపాడబోయి ఒకరి వెనుక ఒకరు దిగి, ఇద్దరు ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి. కేకలు వేసి పెద్దలను పిలవండి. 101కి గాని 112కి గాని ఫోను చేయించండి. అగ్నిమాపక దళం వారు గాలి సిలిండరు వీపున కట్టుకుని దిగుతారు. పెద్దలారా, ఈ మాట మీకు కూడా.

మరునాడు ఆ అబ్బాయిలిద్దరూ వాళ్ల బాపును వెంటబెట్టుకుని వచ్చారు. అందరం కలిసి బావి చుట్టూ ముళ్లకంప వేశాము. బంతి ఇంకా అడుగునే ఉన్నది.

మీ ఊళ్లో కంచె లేని పాడుబావులు ఎన్ని ఉన్నాయో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోండి.