వెన్నుపాముకి దెబ్బ తగిలితే...

కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి, కొద్దిరోజుల్లో మానిపోతుంది. మరి మేడమెట్ల మీంచి జారి వెన్నుపాము దెబ్బతింటే, చచ్చుబడ్డ కాళ్ళు అంత తేలిగ్గా ఎందుకు లేవవు?

దెబ్బ తగిలిన క్షణంతో నష్టం ఆగదు, చిక్కంతా అక్కడే ఉంది. వెన్నుపాములో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు నిమిషాల్లో మేలుకుంటాయి. కొద్ది గంటల్లో రక్తంలోంచి తెల్లకణాలు వచ్చిపడతాయి. చచ్చిన కణాల్ని ఊడ్చేసేవి ఇవే, ఆ ఊపులో పక్కనున్న మంచివాటిని పాడుచేసేవీ ఇవే! కరెంటు తీగ మీద తొడుగులా నరాన్ని కప్పి ఉంచే మైలిన్‌ని తయారుచేసే కణాలు రోజుల తరబడి చనిపోతూనే ఉంటాయి. తొడుగు పోతే, తెగని నరం కూడా కబురు సరిగ్గా మొయ్యలేదు.

ఆ తర్వాత ఆస్ట్రోసైట్లనే కణాలు దెబ్బ చుట్టూ గోడ కడతాయి. నరాలు పెరక్కుండా అడ్డుపడేది ఈ మచ్చేనని ఏళ్ళ తరబడి దాన్ని ఆడిపోసుకున్నారు, పాపం. తీరా 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఆ గోడ లేకుండా చేసి చూస్తే, నరాలు వాటంతటవి పెరగనే లేదు. లోపం గోడది మాత్రమే కాదన్నమాట. వయసొచ్చాక ఈ నరాలకి పెరిగే శక్తే సన్నగిల్లుతుంది.

చాలామందిలో మొదటి దెబ్బకి తెగని నరాలు కొన్ని మిగిలే ఉంటాయి. కంగారులో మనం చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెడితే అవీ పోవచ్చు. మనవాళ్ళు చేసేది సరిగ్గా అదే! ఆటోలో కుదించి పడుకోబెట్టకండి. తల, మెడ, నడుము కదలనివ్వకుండా, పడినచోటే ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నా, మూత్రం పోయింది తెలియలేదన్నా ఆ మాట డాక్టరుకి ముందుగా చెప్పండి.