మీ ఆరోగ్యం: పన్ను పీకినా పోని నొప్పి

ఈ నెల పంటిది కాని పంటినొప్పి గురించి మనవి చేస్తాను. చెవి ముందు సలుపు, ఆవులిస్తే టక్కుమని చప్పుడు, పొద్దున లేచేసరికి నోరు బిగుసుకుపోవడం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చెవిలో నూనె చుక్కలు వేస్తారు. లేకుంటే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఈ పన్ను తీసేయండి" అంటాం. పన్ను పోతుంది, నొప్పి ఉంటుంది. దోషం చెవిని ఆనుకుని ఉన్న దవడ కీలుది, దాన్ని కదిలించే కండరాలది.

మీ మూడు వేళ్ళు నిలువుగా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పడితే నోరు చాలినంత తెరుచుకుంటున్నట్లే. నొప్పిలేని ఉత్త చప్పుడుకు వైద్యం అక్కరలేదు.

1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి డాక్టరు, వెనక పళ్ళు ఊడిపోవడమే దీనికి మూలమన్నాడు. ఆ మాట చాలాకాలం చెల్లింది, ఎందరికో పళ్ళు అరగదీశారు కూడా. 2006లో అక్కడే మొదలైన ఒక అధ్యయనంలో, ఈ జబ్బు లేని సుమారు 2,700 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. నిద్ర చెడినవాళ్ళకూ, ఒంట్లో వేరేచోట నొప్పులున్నవాళ్ళకూ, పళ్ళు బిగించే అలవాటున్నవాళ్ళకూ ఎక్కువగా వచ్చింది.

నిద్ర సంగతి మనకు వేరే చెప్పాలా? రాస్ లఫాన్, ఉమ్ సయీద్ షిఫ్టులు, ఇంటి బెంగ, ఊళ్ళో అప్పు. (నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులని బామ్మలంటారు. పెద్దవాళ్ళ విషయంలో నేను ముందు అడిగేది నిద్ర గురించే.)

జ్ఞానదంతం తీసేటప్పుడు, రూట్ కెనాల్ చేసేటప్పుడు చాలాసేపు నోరు బార్లా తెరిచి ఉంచాలి గదా. కీలు ముందే నొప్పిగా ఉంటే అది ముదురుతుంది. కుర్చీ ఎక్కకముందే డాక్టరుకు చెప్పండి. మధ్యమధ్య నోరు మూసుకోనిస్తారు, పని రెండు దఫాలుగా చేస్తారు. మొహమాటపడి ఊరుకుంటే నష్టం మీకే.

చాలామందికి కొన్ని వారాల్లో సులువుగానే తగ్గుతుంది. పప్పన్నం, ఇడ్లీ వంటి మెత్తనివి తినండి. ఊరి నుంచి వచ్చిన జంతికల డబ్బా రూమ్మేట్లకు అప్పగించండి, చూయింగ్ గమ్ మానండి. వేడిగుడ్డతో కాపడం పెట్టండి. పగలు పెదవులు కలిసినా పళ్ళు ఎడంగా ఉంచడం అలవాటు చేసుకోండి. అవసరమైతే రాత్రికి పళ్ళ మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు. పళ్ళు అరగదీయడం, ఆపరేషన్ అని ఎవరైనా మొదటే అంటే మరొకరికి చూపించుకోండి. తెరిచిన నోరు మూతపడక ఇరుక్కుపోతే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

నడుస్తుంటే దవడ లాగి, ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టాయా? అది కీలు కాదు, గుండె కావచ్చు. వెంటనే 999కి ఫోన్ చేయండి.