లీనా హార్న్ కాదన్న వేషము

కళాకారులకు అవకాశమే అన్నము. అట్టి అవకాశము చేతికందినపుడు ‘ఈ వేషము నేను వేయను’ అని పలుకుట సాహసమా, అవివేకమా? అమెరికా దేశపు నల్లజాతి గాయని, చలనచిత్ర నటి లీనా హార్న్ జీవితమును చదివినపుడెల్ల ఈ ప్రశ్న నాకు కలుగుచుండును.

ఆమె 1917 జూన్ 30వ తేదీన న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. నల్లజాతివారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘములో ఆమె నాయనమ్మ ఆమెను రెండేండ్ల ప్రాయముననే సభ్యురాలిగా చేర్చెను. పదునారవ యేట ఆమె హార్లెములోని కాటన్ క్లబ్బులో నర్తకిగా ప్రవేశించెను. అచ్చట ఆడిపాడువారు నల్లవారు, చూడవచ్చువారు తెల్లవారు.

1942లో హాలీవుడ్డునందలి మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ ఆమెతో ఒప్పందము చేసికొనెను. ఆ కాలమున చిత్రములలో నల్లజాతి స్త్రీకి లభించు వేషము తరచుగా వంటకత్తెయో, పనికత్తెయో. అట్టి వేషములు ధరింపనని లీనా ముందే తెలిపెను. 1943లో నల్లజాతి నటులే నటించిన ‘కేబిన్ ఇన్ ది స్కై’, ‘స్టార్మీ వెదర్’ చిత్రములలో ఆమెకు మంచి పాత్రలు దొరకెను. తక్కిన చిత్రములలో పెక్కింట ఆమె వచ్చి, ఒక పాట పాడి వెడలిపోవును. ఆ పాటకు కథతో సంబంధముండదు. ఏలయన, దక్షిణ రాష్ట్రముల ప్రదర్శనశాలలవారు ఆ దృశ్యమును కత్తిరించినను కథ చెడరాదు! 1951 నాటి ‘షో బోట్’ చిత్రములో మిశ్రమజాతి స్త్రీ పాత్రను ఆమె కోరెను. అది తెల్లజాతి నటియగు ఆవా గార్డ్నరునకు దక్కెను.

లీనా పట్టుదల నల్లజాతి నటులలోనే కొందరికి రుచింపలేదు. ఆ చిన్న వేషములే వారికి జీవనాధారము. అట్టి సమయమున ఆమెను తన యింటికి పిలిచి ఊరడించినది హాటీ మెక్డానియెల్. ‘గాన్ విత్ ది విండ్’ చిత్రములో దాసి పాత్ర ధరించి, 1940లో ఆస్కారు బహుమానము పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఈమెయే. ఆ బహుమాన సభలో సైతము ఈమెను వేరొక బల్లకడ కూర్చుండబెట్టిరి. కావున దాసి వేషము వేసినవారిని నిందించుట న్యాయము కాదు. ఒక్క ద్వారము మాత్రమే తెరచి, తక్కినవన్నియు మూసినవారిదే తప్పు. అయినను ఎవరో యొకరు ‘కాదు’ అననిదే మూసిన ద్వారము కదలదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఒక సైనిక శిబిరములో లీనా పాడబోయెను. జర్మను యుద్ధఖైదీలు ముందు వరుసలలోను, స్వదేశపు నల్లజాతి సైనికులు వారి వెనుకను కూర్చుండియుండిరి. ఆమె వేదిక దిగి వెనుకకు నడచి, ఖైదీలకు వీపు త్రిప్పి, తనవారి యెదుట పాడెను.

1950 తరువాత రాజకీయ కారణములచే కొన్నియేండ్లు ఆమెకు చిత్రములలో అవకాశములు కరవయ్యెను. 1963లో వాషింగ్టనులో జరిగిన హక్కుల మహాయాత్రలో ఆమె పాల్గొనెను. 1981లో, అరువదిమూడేండ్ల వయస్సున, బ్రాడ్వే రంగస్థలముపై ఆమె ఒంటరిగా నిర్వహించిన సంగీత ప్రదర్శనము మూడువందల మారులకు పైగా సాగెను. ఆమె 2010లో మరణించెను. 2022లో అదే బ్రాడ్వేలో ఒక నాటకశాలకు ఆమె పేరుంచిరి. ఆమె పాటలను కత్తిరించిన చేతుల పేర్లు నేడెవరికి తెలియును?

ఆమె కాదనుట అవివేకము కాదని నా నిశ్చయము. బాలబాలికలారా! మీ పాఠశాల వార్షికోత్సవమున నాటకమాడునపుడు సేవకుని వేషము ప్రతియేట ఎవరికిచ్చుచున్నారో, ఏల ఇచ్చుచున్నారో ఒక్కమారు యోచింపుడు.