మద్దెల నిజంగానే ఓడైతే?

తెనాలి నుంచి ఒక పెద్దాయన వుత్తరం రాశారు. బడిపంతులుగా పనిచేసి ఈమధ్యనే విరమించారట. వచ్చే నెలలో అమెరికాలో కొడుకు దగ్గరికి ప్రయాణం. "పన్నెండేళ్ళ మా మనవడు డిస్క్ గోల్ఫ్ అనే ఆటలో పడ్డాడు. బాగా దూరం పోయే డిస్కు ఒకటి నా చేత కొనిపించుకోవాలని వాడి కోరిక. వాటిలో తేలికవీ బరువువీ వుంటాయట. ఏది కొంటే వాడి దగ్గర నా పరువు దక్కుతుంది?" అని అడిగారు.

పంతులుగారూ, అడగవలసినవాణ్ణే అడిగారు. ఆ పరువు ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి నేను.

ఆట సంగతి తెలియని చదువరుల కోసం ముందుగా నాలుగు ముక్కలు. గోల్ఫులో కర్ర, బంతి, గుంట వుంటాయి గదా. ఇందులో కర్ర లేదు. మన చెయ్యే కర్ర. బంతికి బదులు చిన్న పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కు. గుంటకు బదులు ఇనపస్తంభానికి బిగించిన బుట్ట, దానిపైన వేలాడే గొలుసులు. డిస్కు విసురుకుంటూ పోయి బుట్టలో పడెయ్యాలి. ఎవరికి తక్కువ విసుర్లు పడితే వారిదే గెలుపు. ఈ బుట్టను రూపొందించిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయనే 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొట్టమొదటి శాశ్వత మైదానం ఏర్పాటు చేశాడు. అప్పట్లో పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీలే విసిరేవారు. 1983లో డేవ్ డ్యూనిపేస్ అనే ఆయన డిస్కు అంచును అట్లకాడ అంచులాగా పలచగా తీర్చాడు. అది గాలిని కోసుకుంటూ పోవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచీ దగ్గరికి ఒక రకం, మధ్య దూరానికి ఒక రకం, చాలా దూరానికి ఒక రకం డిస్కులు బయలుదేరాయి. ఈ ఆఖరి రకాన్నే డిస్టెన్స్ డ్రైవర్లంటారు. మీ మనవడు అడుగుతున్నది దాన్నే.

ఇక నా కథ. 2024 వేసవిలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాను. ఉత్తర కరొలైనాలో షార్లెట్ నగరం. అక్కడ తెలుగువాళ్ళూ ఎక్కువే, ఈ ఆట మైదానాలూ ఎక్కువే. 2012లో ప్రపంచ పోటీలు కూడా ఆ వూళ్ళోనే జరిగాయి. మా మనవడికి పదకొండేళ్ళు. చదువులో ఫరవాలేదు గాని, బళ్ళో ఏ ఆటకైనా జట్లు విడదీసేటప్పుడు ఆఖరికి మిగిలిపోయేవాడు వీడే. ఈ ఆటలో జట్టు లేదు. తన మానాన తాను విసురుకోవచ్చు. అందుకని దీన్ని పట్టుకున్నాడు. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ అనే యువకుడు నెవాడా ఎడారిలో, వెనకనుంచి గాలి తోస్తుంటే, 338 మీటర్ల దూరం విసిరాడన్న సంగతి వాడికి కంఠతా వచ్చు.

దుకాణానికి వెళ్ళాం. "ఛాంపియన్లు విసిరేది ఏది?" అని అడిగాను, ఏదో గొప్ప ప్రశ్న వేసినట్టు. అడిగినదే తీసి ఇచ్చారు. దుకాణంవాడి తప్పేమీ లేదు. 175 గ్రాముల బరువు, వేగం అంకె 13. పులిని చూసి నక్క వాతపెట్టుకోవడం అంటే ఏమిటో ఆ ఆదివారం తెలిసింది. వాడు ఒళ్ళంతా విరిచి విసిరితే, పాతిక ముప్పై మీటర్లు పోయేటప్పటికే ఎడమకు వంగి నేలకు కొట్టుకునేది. నేనూ విసిరాను. నాది ఇరవై మీటర్లు. పైగా ఆ రాత్రి భుజానికి అమృతాంజనం.

"ఈ డిస్కే బాగాలేదేమో తాతయ్యా" అన్నాడు వాడు. నేనేం చేశానో తెలుసా? ఆడలేక మద్దెల ఓడన్న సామెత చెప్పి, దాని అర్థం కూడా వివరించాను! వాడు మాట్లాడలేదు. మూడో ఆదివారం రెండు విసుర్లు విసిరి, "నాకు చేతగాదులే తాతయ్యా, ఇంటికి పోదాం" అన్నాడు. బళ్ళో జట్టువాళ్ళు ఎన్నాళ్ళనుంచో అంటున్న మాటే అది. ఆ మాట వాడి నోట అనిపించడానికి నేను డబ్బిచ్చి మరీ సహాయం చేశాను.

మా వెనక ఆడుతూ వస్తున్న ఒక పెద్దావిడ ఇదంతా గమనించింది. డెబ్బై ఏళ్ళుంటాయి. మా డిస్కు చేతిలోకి తీసుకుని అడుగున అంకె చూసి నవ్వింది. "కుర్రవాడి చెయ్యి బాగానే వుంది. ఈ డిస్కే వాడిది కాదు" అని, తన సంచిలోంచి వేరొకటి తీసి ఇచ్చింది. సైడ్ వైండర్ అనే రకం, 150 గ్రాములు. వాడు భయపడుతూనే విసిరాడు. అది లేచి తిన్నగా సాగి, కొద్దిగా కుడికి ఒరిగి, మళ్ళీ మెల్లగా ఎడమకు తిరిగి దిగింది. అడుగులతో కొలిస్తే యాభై మీటర్ల పైచిలుకు. వాడు దాన్ని తెచ్చుకోవడానికి పరుగెత్తిన పరుగు నేను మరిచిపోలేను. సామెత మంచిదే. కాని అప్పుడప్పుడు మద్దెల నిజంగానే ఓడుగా వుంటుంది. ఆ మాట అనేముందు పెద్దవాళ్ళం ఒకసారి దాన్ని తట్టి చూడాలి.

ఎలా తట్టి చూడాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది వేగం. డిస్కు దాని తీరున ఎగరాలంటే ఎంత వేగంతో చేతిలోంచి బయలుదేరాలో చెబుతుంది. రెండోది తేలుడు, గాలిలో ఎంతసేపు నిలుస్తుందో. మూడోది మలుపు. కుడిచేతివాటం మనిషి చేతిని ఎడమ భుజం వైపునుంచి తెచ్చి విసిరే మామూలు విసురులో, మొదట కుడికి ఎంత ఒరుగుతుందో ఇది చెబుతుంది. మైనస్ ఎక్కువయ్యేకొద్దీ ఒరుగు ఎక్కువ. నాలుగోది, వేగం తగ్గాక ఎడమకు ఎంత వాలుతుందో. ఎడమచేతివాటం వాళ్ళకు దిక్కులు తారుమారు. సైడ్ వైండర్ అంకెలు 9, 5, మైనస్ 3, 1. నేను కొన్నదానివి 13, 5, మైనస్ 1, 3. చెయ్యి ఆ 13కు చాలినంత వేగం ఇవ్వలేకపోతే, డిస్కు బయలుదేరినప్పుడే అలసిపోయిన డిస్కులా ప్రవర్తిస్తుంది. అంటే ఎడమకు వాలడం ఒక్కటే చేస్తుంది. మావాడి విషయంలో జరిగింది అదే. ఈ అంకెలు ఎవరికి వారు తయారీదారులు వేసుకునేవి గనక ఒకరి అంకెకూ మరొకరి అంకెకూ కొంచెం తేడా వుంటుందని గుర్తుంచుకోండి.

ఇక బరువు. పోటీల నియమం ప్రకారం డిస్కు వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకూ 8.3 గ్రాములు మించకూడదు. డ్రైవర్ల వ్యాసం సుమారు 21 సెంటీమీటర్లు గనక 175 దగ్గర గీత పడింది. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. ఇప్పుడు చెప్పండి, పదకొండేళ్ళవాడి చేతికి దానికన్నా బరువైనది ఇచ్చి దూరం విసరమన్నాను నేను!

తేలికది ఎందుకు దూరం పోతుంది? ఉన్న బలం అంతే అయినప్పుడు తేలిక వస్తువును ఎక్కువ వేగంతో విసరగలం. బరువు తక్కువైతే దాన్ని గాలిలో నిలబెట్టడమూ సులువే. అలాగని తేలికకు అంతు లేదనుకోకండి. జొన్నచేలో మంచె ఎక్కి వడిశెల తిప్పిన వాళ్ళెవరినైనా అడగండి. మరీ పెద్ద రాయి పెడితే చెయ్యి లాగుతుంది గాని రాయి పోదు. మరీ చిన్న పలుకు పెడితే బయలుదేరినంత జోరు చివరిదాకా వుండదు, గాలికి దారి తప్పుతుంది. డిస్కూ అంతే. ఇంకొక చిక్కు, బొంగరానికి వున్నది. బరువైన బొంగరం నిలకడగా తిరుగుతుంది. తేలికది చిన్న తాకిడికే తూలుతుంది. డిస్కు ఎగరడం ఆ తిరుగుడు బలం మీదే ఆధారపడి వుంది. అందుచేత ఒకే రకం డిస్కులో 170 గ్రాములదానికన్నా 150 గ్రాములది ఎక్కువ కుడికి ఒరుగుతుంది. బలం చాలనివారికి ఇది మేలు. బలవంతులకు ఇదే ఇబ్బంది.

ఇది తెలియక నేను రెండో తప్పు చేశాను. తేలికదే మంచిదన్న వుత్సాహంలో, దొరికినవాటిలో అతి తేలికదీ, మలుపు అంకె మైనస్ 5 వున్నదీ కొనుక్కొచ్చాను. మర్నాడు ఎదురుగాలి. ఎదురుగాలి వేగం డిస్కు వేగానికి తోడవుతుంది గనక మలుపు ఇంకా పెరుగుతుంది. మా కొత్త డిస్కు చేయి వదలగానే కుడికి తిరగబడి, వెళ్ళి చెరువులో పడింది. నీళ్ళమీద తేలే డిస్కులు కొన్నే; డ్రాగన్ అనేది అలా తేలడానికే చేసినది. మాది మాత్రం మునిగింది. మావాడు ఈసారి బాధపడలేదు. "మద్దెల మునిగిపోయింది తాతయ్యా" అన్నాడు.

కాబట్టి పంతులుగారూ, మీరు దుకాణానికి పోయేముందు మైదానానికి పోండి. మనవడు ఇప్పుడు వున్న డిస్కుతో మామూలుగా ఎంత దూరం విసురుతున్నాడో అడుగులతో కొలవండి. అరవై మీటర్ల లోపైతే వేగం 7 నుంచి 9 మధ్య చూడండి. డైమండ్ అనే రకం 8, 6, మైనస్ 3, 1 అంకెలతో, తక్కువ బరువుల్లోనే తయారవుతుంది, కొత్తవారికి అనువైనది. డిస్టెన్స్ డ్రైవరే కావాలని పట్టుబడితే, ఆ మెట్లలో కింది మెట్టు అయిన 9 దగ్గర ఆగండి. వేగం 11, 12 అంకెల జోలికి తొంభై మీటర్లు సునాయాసంగా విసిరే రోజున పోవచ్చు.

బరువు పన్నెండేళ్ళవాడికి 140, 150 మధ్య చాలు. మీకూ కావాలంటే 150కి అటూ ఇటూగా తీసుకోండి. మరీ గాలివాటు ప్రదేశమైతే ఇంకో ఐదు పది గ్రాములు పెంచండి. మలుపు మైనస్ 2, మైనస్ 3; ఆఖరి అంకె 1, మహా అయితే 2. బరువు డిస్కు అడుగున రాసి వుంటుంది. నమ్మకం చాలకపోతే వంటింటి తూకం వుండనే వుంది.

తరువాత వాడి చేతికిచ్చి పట్టుకోమనండి. వేగం పెరిగినకొద్దీ అంచు వెడల్పవుతుంది. 9 అంకెవాటికి రెండు సెంటీమీటర్ల దగ్గర వుంటే, 13 అంకెవాటికి రెండున్నర దాకా వస్తుంది. పిల్లల వేళ్ళు దాన్ని చుట్టిరావు. పట్టు చిక్కనిది ఎంత తేలికైనా వృథా.

ప్లాస్టిక్ విషయంలో మామూలు రకం పది డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. పట్టు బాగుంటుంది గాని చెట్లకు తగిలి తొందరగా అరిగి, అరిగినకొద్దీ కుడికి ఒరుగుతుంది. మేలురకం పదిహేను, ఇరవై మధ్య, మన్నుతుంది. మేలురకం ప్లాస్టిక్ బరువైనది గనక, కొన్నిటిలో సన్నని గాలిబుడగలు చొప్పించి తేలిక చేస్తారు. బ్లిజ్జర్డ్ అనే రకం అలాంటిదే. మొదట ఒక్కటే కొనండి. మూడు నాలుగు కొంటే పిల్లవాడు విసురు నేర్చుకోడు, డిస్కులు మార్చడం నేర్చుకుంటాడు.

తేలికది పుచ్చుకుంటే వాడు చిన్నతనంగా భావిస్తాడేమో అని సందేహించకండి. జపాన్ ఓపెన్ పోటీలకు 160 గ్రాముల లోపు డిస్కులే వాడాలని నిబంధన పెట్టారు. మహామహులు కూడా అక్కడికి తేలికవి పట్టుకునే వెళ్ళారు. ఈ మాట చెబితే మనవడు ఒప్పుకుంటాడు. మావాడు ఒప్పుకున్నాడు.

ఇంకొక్క జాగ్రత్త. తేలికదైనా దాని అంచు గట్టిది. ముందు మనుషులుంటే విసరనివ్వకండి. మీరు మాత్రం మొదటి పది విసుర్లూ నిలబడి, నడుము తిప్పి, మెల్లగా విసరండి. భుజంతో లాగితే అమృతాంజనం సీసా పట్టుకెళ్ళవలసివస్తుంది.

మొన్న మావాడు ఫోను చేశాడు. "తాతయ్యా, గాలి లేకపోయినా నా 150 డిస్కు కుడికే పోతోంది. అరిగిపోయిందా?" అన్నాడు. అడుగున చూడమన్నాను, అంచు చూడమన్నాను. అంతా బాగానే వుంది. ఇప్పుడు ఎంత దూరం విసురుతున్నావురా అంటే ఎనభై మీటర్లన్నాడు. "డిస్కు అరగలేదురా నాన్నా, నీ చెయ్యి పెరిగింది. ఇంక 165 కొనుక్కో" అని చెప్పాను. పాతది అవతల పారెయ్యనా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. దాన్ని కడిగి, అడుగున 'తాతయ్య' అని సిరాతో రాసి, మళ్ళీ వేసవికి నాకోసం దాచిపెట్టాడట.